నేను పండుకుంటే కోర్టులో కేసు పోయింది

కూర్చో అమ్మీ రమణా, ఆ గోడకు ఆనుకొని సుకంగా కూర్చో. నంద్యాల్లో మీ వీధిలో నా గురించి ఏందేందో చెప్పుకుంటాండారంట గదా? "ఆళ్లగడ్డలో ఉండే రమణ వాళ్ల పెద్దమ్మ నడిపొద్దు దాకా నిద్రపోయి మొగుని కేసు పోగొట్టింది" అని? మీ అమ్మ నా సొంత చెల్లెలై ఉండి గూడా అదే నమ్మి నాకు జాబు రాసింది. అందుకే నీకు జరిగింది జరిగినట్టు చెప్తా. అహోబిలం సామి మీద ఒట్టు, నా రెండు కండ్ల మీద ఒట్టు, నీ చేతిలో ఉండే ఆ కాఫీ గలాసు మీద ఒట్టు! దీంట్లో ఒక్క మాట అబద్ధం ఉండదు. నేను పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి ఒక్క మాట గూడా పెంచి చెప్పిందాన్ని కాదు. కావాలంటే ఆళ్లగడ్డలో లక్షమంది ఉండారు, అడుగు.

నేను నిద్రపోయింది నిజమే. కేసు పోయింది గూడా నిజమే. నడిపొద్దు దాకా అనేది మాత్రం ఉత్త అబద్ధం. చెప్పేవాళ్లకు నోరు అదుపులో ఉండదు.

పదకొండేండ్లకు నేను ఈ ఇంటికి కాపరానికి వచ్చినా. వచ్చిన మరుసటి దినమే మా అత్త నన్ను విసుర్రాయి ముందర కూర్చోబెట్టింది. ఆ పొద్దు నుంచి నలభై ఐదేండ్లు, కోడి కూయకముందే మబ్బులో లేసి, నాలుగు శేర్ల జొన్నలు విసరడమే నా పని. కోడి కూస్తే నేను లేస్తా అనుకునేరు. నేను రాయి తిప్పితేనే కోడి కూసేది. తిప్పీ తిప్పీ నా కుడిచెయ్యి ఎడమచేతి కంటే జానెడు పొడుగైంది. రవికె కుట్టేటప్పుడు దర్జీ ఒక చేతికి గుడ్డ ఎక్కువ అడిగేవాడు.

అట్లాంటిది, పోయిన నెలలో మన బస్సురోడ్డు పక్కన పిండిమిషను పెట్టినారు. ఆయిలు ఇంజను. పొగగొట్టం మీద చిన్న డబ్బా బోర్లించినారు, అది కుక్కు కుక్కుమని ఊరంతా వినపడతాది. మా కొడుకు శంకరుడు గంపెడు జొన్నలు నెత్తిన పెట్టుకొని పోయినాడు. నేను ఒక్క ఆకు నమిలి ఊంచేలోపల పిండితో తిరిగొచ్చినాడు! చెయ్యి పెట్టి చూస్తే జరమొచ్చిన పిల్లోని నొసలు మాదిరి కాలిపోతాంది పిండి.

"అమ్మా, ఇంక నీకు మబ్బులో లేసే పని లేదు. దినానికి మూడు గంటలు మిగిలినాయి. ఆ టైమంతా నీదే. బాగా వాడుకో" అన్నాడు శంకరుడు.

మూడు గంటలు! అమ్మీ, నా పెండ్లి అయినప్పటి నుంచి నాకంటూ ఎవురూ మూడు నిమిషాలు గూడా ఇయ్యలే. నాకు వొళ్లు పులకరించింది. ఈ మూడు గంటలతో ఊరినే మార్చి పారేస్తా అనుకున్నా.

మొదటి దినం ఏం చెయ్యాల్నో తోచక కండ్లు తెరుచుకొని పండుకున్నా. దుప్పటి కింద నా చెయ్యి దానంతట అదే గిర్రున తిరగబట్టింది, మంచం కిర్రుకిర్రుమని వీధంతా వినపడింది. పక్క మంచంలో నా మొగుడు, మా రెడ్డి, లేసి కూర్చున్నాడు. "ఏందే, కుడితిలో పడిన ఎలక మాదిరి కొట్టుకుంటాండావ్?" అన్నాడు.

రెండో దినం, ఉత్తగా ఉండడం ఎందుకని పెరట్లో గంగాళాలు, బిందెలు, చెంబులు అన్నీ ముందరేసుకొని చింతపండుతో తోమినా. ఇంట్లో ఉండేవి అయిపోతే పక్కింటివి గూడా అడిగి తెచ్చి తోమినా. ఆ గణగణలకు వీధివీధంతా లేసి కూర్చుంది.

మూడో దినం నలుగురికీ ఉపయోగపడదామని ఎనుములు పిండేవాళ్ల కాడికి పోయి సలహాలు చెప్పినా. "అట్ల కాదమ్మీ, ఇట్ల పట్టు. దూడను ఇంకొంచెం సేపు ఇడువు" అని ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి తిరిగినా. నా గొంతు వినేసరికి ఎనుములన్నీ పాలు ఎగబట్టినాయి. నాలుగు వీధుల్లో ఎవురికీ కాఫీ లేదు ఆ దినం. నన్ను తిట్టని కొంప లేదు.

నాలుగో దినం దేవుని పాటలే మేలని అరుగు మీద కూర్చోని గొంతెత్తినా. కుక్కలు వంత పాడినాయి. రెండు కుక్కలు మాత్రం ఊరు ఇడిచిపెట్టి పోయినాయి, మళ్లా రాలే.

ఇట్ల వారం దినాలు గడిచినాయి. ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకో. ఆ వారమంతా మా వీధిలో అందరూ మబ్బులోనే లేసినారు. ఏ సద్దుకు లేస్తాండారో ఎవురూ ఆలోచన చెయ్యలే. నేను గూడా చెయ్యలే.

ఆఖరికి మా కోడలు లచ్చుమి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "అత్తా, నీకు దండం పెడతా. నీకు టైము మిగిలినప్పటి నుంచి మాకు కంటికి నిద్ర లేదు. రేపన్నా గమ్మున పండుకో. ఆ టైమును అంతకంటే బాగా ఎవురూ వాడుకోలేరు."

నాకు గూడా నిజమే అనిపించింది. నలభై ఐదేండ్లుగా మబ్బునిద్ర అంటే ఎట్ల ఉంటాదో నాకు తెలియదు. ఒకసారి చూస్తాం అనుకున్నా.

అదే దినం సాయంత్రం నంద్యాల నుంచి మా వకీలు జాబు వచ్చింది. "రేపు వాయిదా. మొదటి బస్సుకే వచ్చి పది గంటలకల్లా కోర్టులో ఉండాల. రాకుంటే కేసు కొట్టేస్తారు" అని.

ఆ కేసు సంగతి నీకు తెలియదు గదా. కాలువ కింద మాకు మూడెకరాల మడి ఉంది. ఆ నీళ్లు మా మడికి రావాలంటే నడుమ పాతిక సెంట్ల కయ్య, చిన్న మడిచెక్క, దాటి రావాల. ఆ కయ్య నాదంటే నాదని మా రెడ్డికీ, ఆయన చిన్నాయన కొడుకు ఓబులరెడ్డికీ ఏడేండ్లుగా వ్యాజ్యం. ఆ కయ్య పోతే మా మూడెకరాలూ బీడే, మేము తినేది జొన్నలు కాదు, మన్ను. ఓబులరెడ్డి మడి గూడా దాని కిందనే ఉంది. ఆయనకూ అంతే. ఇద్దరి ఇండ్లకూ నడుమ ఒకటే గోడ. ఏడేండ్లుగా ఒకరి మొగం ఒకరు చూడలే. ఎదురుపడితే మా రెడ్డి ఆకాశం చూస్తాడు, ఆయన నేల చూస్తాడు. అందుకే మా రెడ్డికి మెడనొప్పి, ఆయనకు నడుంనొప్పి.

మా రెడ్డి కాయితాలన్నీ గుడ్డసంచిలో పెట్టి, సంచి తలకింద పెట్టుకొని పండుకున్నాడు. నన్ను లేపమని చెప్పినాడా అంటే చెప్పలే. నలభై ఐదేండ్లలో ఒక్కసారన్నా లేపమని అడిగిన మనిషి కాదు. "నన్ను ఇంకొకరు లేపాల్నా? మబ్బులో నాకు నేనే లేస్తా" అని మీసం దువ్వుకునేవాడు. నేను గూడా అంతే అనుకున్నా. నిశ్చింతగా కండ్లు మూసినా.

అబ్బా, ఏం నిద్ర అమ్మీ అది! బెల్లంపాకంలో దిగబడిన ఈగ మాదిరి దిగబడిపోయినా. ఎండ వచ్చి నొసలు మీద చురుక్కుమంటే కండ్లు తెరిచినా. ఇల్లంతా నిశ్శబ్దం. శంకరుడు నోరు తెరుచుకొని నిద్ర. లచ్చుమి నిద్ర. మా రెడ్డి గురక. వాకిట్లో కుక్క నిద్ర. గోడ మీద కోడి నిలబడి, కూయాల్నా వద్దా అని నా తలుపు దిక్కు చూస్తాంది. వీధిలో తొంగి చూస్తే ఒక్క తలుపూ తెరవలే. ఒక్క పొయ్యీ రాజలే. ఊరికి ఏ మాయదారి గాలో తగిలిందేమో అని భయపడినా.

నేను నోరు తెరిచేలోపల మా రెడ్డి దిగ్గున లేసినాడు. ఎండ చూసినాడు. సంచి చూసినాడు. నన్ను చూసినాడు.

"ఏమే! రాయి ఏదే?"

"రాయి ఉండే తావనే ఉంది."

"సద్దు ఏదే?"

"సద్దు మిషనుకు పోయింది గదయ్యా."

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. ఈయప్ప నలభై ఐదేండ్లుగా తనకు తాను లేయలే. నా రాయి లేపితే లేసినాడు! ఒక్క మా ఇల్లే కాదు, వీధంతా అంతే. నేను జొన్నలు విసురుతాండా అనుకున్నా గానీ, ఊరిని లేపుతాండానని నాకేం తెలుసు?

పంచె ఒక చేత్తో, సంచి ఇంకొక చేత్తో పట్టుకొని బస్సు కాడికి పరుగెత్తినాడు. తలగుడ్డ వెనక బారెడు పొడుగు ఈడ్చుకుంటా పోయింది. నేను రెండు రొట్టెలు, ఇంత ఊరిమిండి పచ్చడి మూటగట్టుకొని వెనకనే పరుగెత్తినా. బస్సు ఎప్పుడో పోయింది. దుమ్ము గూడా అణిగిపోయింది.

అయితే కల్వర్టు మీద ఇంకొక మనిషి కూర్చోని ఉండాడు. చంకలో కాయితాల సంచి. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఎవురనుకున్నావ్? ఓబులరెడ్డి!

మా రెడ్డి టక్కున నిలబడి ఆకాశం చూసినాడు. ఓబులరెడ్డి నేల చూసినాడు. కొంచెం సేపైనాంక ఓబులరెడ్డి నా దిక్కు తిరిగినాడు.

"వదినా, మీ ఆయప్ప బస్సుకు పోలేదా?"

మా రెడ్డి గూడా నా దిక్కే తిరిగినాడు. "ఏమే, ఆయప్ప ఎందుకు పోలేదో అడుగు."

"నడుమ నేనేమన్నా తపాలా బంట్రోతునా? నోర్లు లేవా మీకు?" అన్నా.

ఓబులరెడ్డి ఏడుపు మొగం పెట్టినాడు. "నా మంచం గోడకు ఈ పక్క, నీ రాయి ఆ పక్క వదినా. ముప్పై ఏండ్లుగా నీ రాయి సద్దుకే లేస్తాండా. రాత్రి మా ఆడోళ్లకు లేపమని గూడా చెప్పలే. వదిన ఉంది గదా అని ధైర్యంగా పండుకున్నా. నువ్వు ఇంత పని చేస్తావనుకోలే."

విన్నావా అమ్మీ! నా మొగుని మీదకి వ్యాజ్యానికి పోయేదానికి, నా రాయే లేపాలంట ఆయప్పను!

చాగలమర్రి దిక్కు నుంచి వచ్చే రెండో బస్సుకు ఇంకా టైముంది. ఇద్దరి కడుపులూ కాలుతాండాయి. నేను మూట విప్పి చెరొక రొట్టె చేతిలో పెట్టినా. ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పుకొని తిన్నారు. నాలుగు ముద్దలైనాయో లేదో, ఓబులరెడ్డి మొగం చిట్లించినాడు.

"ఇది మిషను పిండి గదా వదినా? రుసే లేదు."

"మిరపకాయలు పట్టినాంక దాంట్లోనే జొన్నలు పోసింటారు. నాలిక మండుతాంది" అన్నాడు మా రెడ్డి అటు తిరిగి.

"రాతిపిండి రొట్టె తిన్నోళ్లకు ఇది ఎట్ల పోతాది లోపలికి?"

"నేను మొదటి దినమే చెప్పినా. ఎవురు వింటారు?"

"ఈ ఆడోళ్లకు సుకం ఎక్కువైంది."

"అదీ మాట!"

ఏడేండ్ల తర్వాత ఇద్దరికీ ఒక మాట మీద పొత్తు కుదిరింది. నన్ను తిట్టేదాని మీద! రొట్టె అయిపోయేసరికి ఇద్దరూ ఒకే దిక్కు తిరిగి, ఒకే గొంతుతో నన్ను తిడతాండారు. బస్సు వచ్చినా ఆపలే. మా రెడ్డి బస్సెక్కుతా, "నువ్వు గూడా రా. నువ్వే వచ్చి జడ్జిదొరకు చెప్పు నీ నిద్ర సంగతి!" అని గదిమినాడు. నంద్యాలకు రమ్మంటే నేను కాదంటానా? అందరికంటే ముందు సీటు పట్టుకున్నా.

ఆ బస్సు ఎంత మెల్లగా పోయిందంటే, దారిలో ఒక ఎద్దులబండి మమ్మల్ని దాటుకొని నంద్యాలకు పోయి, సంత చేసుకొని, మళ్లా మాకు ఎదురొచ్చింది. ఒట్టు!

కోర్టు కాడికి పోయేసరికి వకీలు మెట్ల మీద తల పట్టుకొని నిలబడి ఉండాడు. "బంట్రోతు మూడు సార్లు కేక పెట్టినాడు. వాదీ లేడు, ప్రతివాదీ లేడు. కొట్టేసినారు!"

మా రెడ్డి మెట్ల మీదనే కూలబడినాడు. ఆ మొగం చూసి నేను గూడా ఆయన పక్కనే కూర్చున్నా అమ్మీ. నవ్వులాట పోయింది. మూడెకరాలు, ముసిలిప్రాణం, నా ఒక్క నిద్ర.

వకీలు మంచోడు. "ఏడ్వాకప్పా. మళ్లా తెరిపించమని పిటిషను ఏస్తాం. రాకపోయినదానికి బలమైన కారణం ఉండాల, అంతే. ఏం కారణం రాయమంటావ్?" అని కలం తీసినాడు.

"మా ఆడది పిండి విసరలే" అన్నాడు మా రెడ్డి.

వకీలు కలం ఆగిపోయింది. "ఏందీ?"

"మా ఆడది పిండి విసరలే సామీ. అందుకని నేను లేయలే."

"అట్ల రాస్తే జడ్జిదొర నన్ను గూడా కొట్టేస్తాడు. జరమొచ్చింది అని రాస్తా."

"నాకు జరం రాలే. నేను అబద్ధం చెప్పను."

అప్పుడు వెనక నుంచి ఓబులరెడ్డి ముందరికి వచ్చినాడు. "ఆయన చెప్పేది నిజమే సామీ. ఈ పొద్దు రాయి మోగలే. కావాలంటే నేను సాక్ష్యం చెప్తా."

వకీలు కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లా పెట్టుకున్నాడు. "నువ్వెవురో నీకు గుర్తుందా అప్పా?"

"ప్రతివాదిని సామీ."

"ప్రతివాదివి, వాది పక్కన సాక్ష్యం చెప్తావా?"

"రాయి మోగలేదనేది నిజమే గదా సామీ! ఉండే మాట చెప్పేదానికి ఏం?"

వకీలు నవ్వడం మొదలుపెట్టినాడు. నవ్వీ నవ్వీ కోటు గుండీలు రెండు తెగి, ఒకటి పోయి రోడ్డవతల పడింది. "మీ ఇద్దరికీ నేనెందుకప్పా? ఆ వరండాలో కూర్చోని మీరే మాట్లాడుకోండి. కుదరకపోతే అప్పుడు నా కాడికి రండి" అన్నాడు.

ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. చాలాసేపు ఎవురూ నోరు తెరవలే. నేను గూడా తెరవలే. నా ఆయుష్షులో అదే మొదలు, అదే ఆఖరు.

"అన్నా" అన్నాడు ఓబులరెడ్డి.

ఏడేండ్లయింది అమ్మీ, ఆ నోట ఆ పిలుపు విని. మా రెడ్డి తలగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకుంటాండా అన్నాడు. నాకు తెలుసు గదా!

"అన్నా, కయ్య ఎవురిదైతే ఏంది? కావాల్సింది నీళ్లే గదా. కయ్య నడిమధ్యలో కాలువ తీసుకుందాం. ఒక దినం నీళ్లు నీకు, ఒక దినం నాకు."

మా రెడ్డి ఆలోచన చేసినాడు. "సరే. అయితే నీళ్లు మళ్లించే మడవ ఎప్పుడు తిప్పాల? పొద్దెక్కినాంక తిప్పితే పైనుండే రైతులు నీళ్లన్నీ లాక్కుంటారు. మబ్బులోనే పోయి తిప్పాల."

"మబ్బులోనే తిప్పుతాం."

"దినామూ తిప్పాల. ఒక్క దినం నిద్రపోయినా మళ్లా కొట్లాటే."

"దినామూ తిప్పుతాం."

"మనల్ని లేపేదెవురు?"

ఇద్దరూ మెల్లగా, ఒకే లెక్కన, నా దిక్కు తిరిగినారు.

అంతే అమ్మీ. రాజీ కాయితం అక్కడే వకీలు చేత రాయించుకున్నారు. కాయితంలో రాయని షరతు నా నెత్తిన పడింది. అప్పటి నుంచి దినామూ మబ్బులో లేసి ఉత్త రాయి తిప్పుతాండా! ఇంత నూకలు పోసి తిప్పుతా, లేకుంటే రాయికి రాయి తగిలి అరిగిపోతాది. పిండి చేసేదేమో మిషను. సద్దు చేసేదేమో నేను. వారం దినాలుగా ఒక్క గట్టు తగాదా లేదు. కోడి గూడా టైముకు కూస్తాంది. గోడ అవతల నుంచి ఓబులరెడ్డి "లేసినా వదినా, చాలు" అని అరిచిందాకా తిప్పాల. ఆయప్ప కావాలనే ఆలస్యంగా అరుస్తాండాడని నా అనుమానం.

మా శంకరుడు ఊరుకోడు గదా. "అమ్మా, దీనికి గూడా మిషను ఉంది" అని స్నేహితుని కాడ అలారం టైంపీసు అడిగి తెచ్చినాడు. పొద్దున ట్రింగుమని మోగింది. మా రెడ్డి నిద్రలోనే చేతులు జోడించి, గుళ్లో గంట కొట్టినారనుకొని కొబ్బరిచిప్పకు చెయ్యి చాపినాడు. మళ్లా పక్కకు తిరిగి పండుకున్నాడు. ఓబులరెడ్డి అయితే కదలను గూడా కదలలే. ఆ సద్దుకు లేసింది ఆళ్లగడ్డ మొత్తానికి నేనొక్కదాన్నే! లేసి ఏం చేసినా? రాయి తిప్పినా.

సరే, కాఫీ తాగినావు గదా, ఇంక బయల్దేరు, బస్సు టైమైతాంది. పోతానే నీకొక పని చెప్తా, మర్చిపోవాకు. నంద్యాల్లో గడియారాల అంగళ్లు ఎన్ని ఉండాయో అన్నీ తిరుగు. గంట మోగేది వద్దు, కోడి మాదిరి కూసేదీ వద్దు. విసుర్రాయి మాదిరి గరగరమనే టైంపీసు ఉందేమో అడిగి చూడు. అంగడాయన అర్థం కాలేదంటే సిగ్గుపడాకు, నోటితో చేసి చూపించు. ఏదీ, ఒకసారి నా ముందర చెయ్యి, సరిగ్గా వస్తాందో లేదో చూస్తా. గర్ర్... గర్ర్... ఇంకొంచెం గట్టిగా, అమ్మీ! ఓబులరెడ్డికి వినపడాల.